అడ్డం నిలబడినందుకు సున్నా

లెక్క తప్పేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. ఇది చిన్నప్పటి రోగం. నాకు ఆరేళ్లప్పుడే మా అమ్మ హన్మమ్మ నన్ను పల్లి చేను గట్టు మీద గొడుగు కింద కూర్చోబెట్టి, "ఎంతమంది వచ్చిన్రో ఎంచు బిడ్డా" అనేది. నేను వంగిన వీపులు ఎంచేవాణ్ణి. పదిహేను, పదహారు, ఒక్కోసారి ఇరవై. ఒక్కనాడూ తప్పలేదు. వీపులు ఎంచడం వచ్చినవాడికి ముఖాలతో పనిలేదు. ఇప్పుడు నాకు ముప్పై నాలుగేళ్లు. నాగర్‌కర్నూల్‌లో ఎరువుల దుకాణం పై అంతస్తులో ఉన్న ఆఫీసులో క్వాలిటీ లీడ్‌ని. పేరు మారింది గానీ పని అదే, గట్టు మీద కూర్చోవడం.

మా ఆఫీసు పనేంటో చెబితే చుట్టాలెవరూ నమ్మరు. ఎక్కడో సముద్రాల అవతల, ఏడాదిలో సగం మంచు కురిసే ఒక చిన్న దేశంలో, జీతాలకు బాస్కెట్‌బాల్ ఆడేవాళ్ల లీగ్ ఉంది. అక్కడ ఆడిన ఆట వీడియో తెల్లారేసరికి మాకు వస్తుంది. మా పన్నెండు మందీ దాన్ని ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ చూసి, ఎవడు ఎన్నిసార్లు బంతి విసిరాడు, ఎన్ని బుట్టలో పడ్డాయి, తగిలి ఎగిరొచ్చిన బంతిని, అంటే రీబౌండును, ఎవడు పట్టాడు, ఎవడు పోగొట్టాడు, ఎవడు ఫౌల్ చేశాడు, అన్నీ గడుల్లో నింపుతారు. ఆటగాడికో వరస, కింద జట్టు మొత్తం. నలభై నిమిషాల ఆట నింపడానికి ఒక మనిషికి ఒక రోజంతా పడుతుంది. నింపినదాన్ని దిద్ది పంపేది నేను. ఆ దేశంలో కోచ్‌లు, పేపర్లవాళ్లు, టీవీవాళ్లు మా అంకెలు చూసుకునే నోరు తెరుస్తారు. మాలో ఒక్కరు కూడా బాస్కెట్‌బాల్ చేత్తో ముట్టుకున్న పాపాన పోలేదు. మా డిగ్రీ కాలేజీ గ్రౌండులో ఒక స్తంభం, దానికి ఇనుప రింగు ఉండేవి. ఆ రింగుకు మైకు కట్టడం చూశాను గానీ బంతి పడటం ఎన్నడూ చూడలేదు.

కృప ఆగస్టులో చేరింది. తెలకపల్లి పిల్ల, డిగ్రీ పాసైంది. వాళ్లమ్మ ఎస్తేరమ్మ కూలి గుంపుకు పెద్ద. మా చేన్లో కలుపు తీసేది ఆ గుంపే. సెలవుల్లో కృప కూడా వచ్చేదట. నేను ఎంచిన వీపుల్లో ఆమెదీ ఒకటి అయి ఉంటుంది. నాకైతే గుర్తులేదు. ఆమెకు మాత్రం నేను బాగా గుర్తున్నాను. చేరిన మొదటి రోజే అందరి ముందూ, "మీరు గట్టు మీద గొడుగు కింద కూసుంటుంటిరి గద సార్" అంది. మెచ్చుకోలు కింద తీసుకున్నాను.

కొత్తవాళ్లకు మూడు నెలల గడువు. వాళ్లు నింపిన ఆటనే నేను కూడా విడిగా నింపుతాను. రెండూ నూటికి తొంభై ఎనిమిది పాళ్లు కలవాలి. కలిస్తే పర్మినెంట్ కాగితం మీద నా సంతకం పడుతుంది, కలవకపోతే ఇంటిదారే. "పర్మినెంట్ అయితే మా అమ్మను మునుం మాన్పిస్త సార్. మోకాళ్లు పోయినయ్ ఆమెకు" అని కృప ఒకసారి చెప్పింది. మునుం అంటే చేనుకు అడ్డంగా వరసకట్టి, మనిషికో సాలు పట్టుకుని కలుపు తీసుకుంటూ ముందుకు పోవడం. ఆ మాట నా మనసు కరిగించడానికే అందేమోనని అనుమానపడ్డాను. లెక్కకు మోకాళ్లతో పనేముంది?

పని మాత్రం బాగా చేసేది. అది ఒప్పుకోవాలి. పాయింట్లు, రీబౌండ్లు, ఫౌళ్లు, నిమిషాలు అన్నీ నా లెక్కతో అచ్చుగుద్దినట్టు కలిసేవి. ఒక్క గడి దగ్గరే పేచీ. దాని పేరు అసిస్ట్.

అసిస్ట్ అంటే సాయం. ఒకడు బంతి అందిస్తే ఇంకొకడు బుట్టలో వేస్తాడు. అందించినవాడికి ఒక అసిస్ట్. చివరగా అందించిన ఆ ఒక్కడికే, ఇంకెవడికీ కాదు. నిబంధనల పుస్తకంలో స్పష్టంగా రాసి ఉంది. అరవై పేజీల ఆ పుస్తకాన్ని మొదటినుంచి చివరిదాకా చదివినవాణ్ణి ఆఫీసులో నేనొక్కణ్ణే. కృప మాత్రం నీలం చొక్కాల జట్టులో పద్నాలుగో నంబరువాడికి అసిస్టులు రాస్తూ పోయింది.

ఆ పద్నాలుగో నంబరువాడి పేరు పలకాలంటే రెండు నాలుకలు కావాలి. అందుకని అందరం నంబరుతోనే పిలిచేవాళ్లం. బట్టతల, ఎడమ మోకాలికి నల్లటి పట్టీ. వాడి వరస చూస్తే జాలేసేది. ఆడింది ఇరవై రెండు నిమిషాలు. పాయింట్లు రెండు, రీబౌండు ఒకటి, అసిస్టులు సున్నా, ఫౌళ్లు నాలుగు. తాటిచెట్టంత మనిషి ఈ అంకెలు పెట్టుకుని జీతం ఎలా తీసుకుంటున్నాడో నాకు అంతుపట్టేది కాదు. వాడు ఆటలో ఉన్నంతసేపు జట్టు పది, పదమూడు పాయింట్లు ముందుండేది. వాడు వెళ్లి కూర్చోగానే వెనకబడేది. దానికీ ఒక గడి ఉంది. నేను దాన్ని అదృష్టం కింద కట్టేశాను.

ఒకరోజు కృపను పిలిచి వీడియో పెట్టాను.

"ఈడ పద్నాలుగో నంబరుకు అసిస్ట్ ఎందుకు రాసినవ్?"

"గాయన వల్లనే పడ్డది గద సార్."

"బంతి ముట్టుకున్నడా?"

"లేదు."

"మరేం చేసిండు?"

"అడ్డం నిలబడ్డడు."

వెనక్కి తిప్పి చూశాను. నిజమే, నిలబడ్డాడు. బంతి ఉన్న ఐదో నంబరువాడు ఒక పక్కనుంచి దూసుకొచ్చాడు. వాణ్ణి తరుముతున్న అవతలి జట్టువాడు ఈ బట్టతలవాడి రొమ్ముకు గుద్దుకుని ఆగిపోయాడు. ఐదో నంబరువాడు ఖాళీగా పోయి బంతి వేశాడు, జనం కేకలు వేశారు. బట్టతలవాడు రొమ్ము రుద్దుకుంటూ వెనక్కి పరుగెత్తాడు.

"నిలబడుడు గూడ ఒక పనేనా? గట్లయితే కరెంటు స్తంభానికి గూడ అసిస్టులు రాయాలె."

"స్తంభం యాడ నిలబడాల్నో చూసుకొని నిలబడదు గద సార్. జర చూడుర్రి, గాయన బంతి దిక్కే చూస్తలేడు. ఎవనికి తొవ్వ దొరుకుతలేదో చూసి ఆడికి పోతుండు. మా మునుంల గింతే. ఎవరి సాలు ఎనకబడితే, ముందుగాల అయిపోయినోళ్లు ఎదురొచ్చి గా సాలు పట్టుకుంటరు. గట్టెక్కితే అందరం ఒక్కపారే ఎక్కుతం. ఎవరి సాలు ఎవరు తీసిన్రని రాసుకుంటమా?"

"రాసుకోరు గనుకనే ఇంక మునుంల ఉన్నరు" అన్నాను.

అన్నాక కొంచెం ఎక్కువైందనిపించింది. అన్న మాటను వెనక్కి తిప్పే మీట మా దగ్గర లేదు. కృప తల వంచుకుని, "సరే సార్, పుస్తకంల ఉన్నట్టే రాస్త" అంది. రెండు రోజులు రాసింది. మూడో రోజు మళ్లీ మొదలు. అడిగితే, కళ్లకు కనబడ్డాక చెయ్యి ఆగడం లేదంది. రోజూ సాయంత్రం ఆమె ఫైలు తెరిచి, పద్నాలుగో నంబరు అసిస్టులు కొట్టేసి సున్నా పెట్టి పంపడం నాకొక నిత్యపూజ అయింది.

దీపావళి వెళ్లాక కురుమూర్తి జాతర, ఆ వెంటనే మా బావమరిది పెళ్లి, రెండూ కలిసి పది రోజులు సెలవు పెట్టాను. నేను లేనప్పుడు ఫైళ్లు ఎవరూ దిద్దకుండానే వాటంతటవి వెళ్లిపోతాయి. ఆ పది రోజుల్లో నీలం జట్టు ఆడిన మూడు ఆటలూ కృపే నింపింది. మూడూ నా చెయ్యి తగలకుండా సముద్రాలు దాటాయి. ఆ సంగతి నాకు తట్టనే లేదు.

వచ్చేసరికి ఆమె గడువు ముగిసింది. లెక్క తీశాను. తొంభై ఆరు. ఆ రెండూ తగ్గించింది పద్నాలుగో నంబరువాడే. సంతకం పెట్టలేదు.

"ఇంకొక నెల చూడరాదు సార్?" అంది కృప.

"లెక్క లెక్కే" అన్నాను.

ఆమె ఏడవలేదు, బతిమాలలేదు. తన టీ గ్లాసు కడిగి బోర్లించి, సంచి తీసుకుని తెలకపల్లి బస్సుకు వెళ్లిపోయింది.

రెండు వారాల తర్వాత హైదరాబాద్ నుంచి మా మేనేజర్ చంద్రశేఖర్ ఫోన్ చేశాడు. గొంతు గంభీరంగా ఉంది.

"ప్రేమ్, నీలం జట్టు కోచ్ మెయిల్ పెట్టిండు. మూడు ఆటలల్ల పద్నాలుగో నంబరుకు అసిస్టులు తొమ్మిది, ఏడు, పదకొండు ఉన్నయట. ఎవరు చేసిన్రు ఇది?"

"గా కృప అని ఒక పిల్ల సార్. ఎన్నిపార్లు చెప్పినా వినలే. నేనే తీసేసిన. నాకు దీంతోటి ఏం సంబంధం లేదు సార్."

"ఆగు, మొత్తం చదువుత" అని చదివాడు. కోచ్ రాసింది ఇది. మొదట మేము నవ్వుకున్నాం. తర్వాత కూర్చుని ఆ ఇరవై ఏడూ ఒక్కొక్కటే వీడియోలో చూశాం. ప్రతిచోటా ఆ బుట్ట పడటానికి కారణం అతనే. అంకెలు తక్కువున్నాయని అతణ్ణి ఈ ఏడాదితో పంపించేయాలని అనుకున్నాం. నేను కళ్లతో చూస్తున్నది కాగితం మీద చూడటం ఇదే మొదటిసారి. దీన్ని కొత్త గడిగా పెట్టి లీగ్ మొత్తానికీ ఇవ్వగలరా? దీన్ని పట్టుకున్న మనిషికి నా కృతజ్ఞతలు చెప్పండి.

నేను ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

"అంటే సార్, ఆమె చేసింది నా గైడెన్స్‌ల్నే" అన్నాను.

"మరి తీసేసిన అంటివి?"

"తీసేసింది మనిషిని సార్, పద్ధతిని కాదు."

పైవాళ్లకు ఏం చెప్పాలా అని ఆయన కూడా వెతుక్కుంటున్నట్టున్నాడు, ఈ మాట ఆయనకు బాగా నచ్చింది. ఆ సాయంత్రానికే కొత్త గడి తయారైంది. దాన్ని కనిపెట్టినవారు అన్నచోట నా పేరు పడింది. అత్త సొమ్ము అల్లుడు దానం అంటారే, అలా. కాకపోతే దానం పుచ్చుకున్నది కూడా అల్లుడే.

చిక్కు తర్వాత వచ్చింది. ఆ గడి నింపడం ఆఫీసులో ఎవరికీ చేతకాలేదు. జయశ్రీ నిలబడ్డ ప్రతివాడికీ రాసి, ఒక ఆటలో నూట నలభై తేల్చింది. ఉదయ్ కిరణ్ అదే ఆటలో రెండే చూశాడు. నేను మూడు రోజులు తలుపు వేసుకుని కూర్చున్నాను. బంతి ఎటు పోతే నా కళ్లు అటే పోయేవి. ఎవరు ఎవరికోసం నిలబడ్డారో చూద్దామనుకునే లోపే బుట్ట పడిపోయేది. చివరికి ఏవో అంకెలు వేసి పంపాను. కోచ్ మర్యాదగా ఒక్క వాక్యం రాశాడు: "ఇవి ముందు వాటిలా లేవు, ఆ మనిషి సెలవులో ఉన్నారా?"

శనివారం పొద్దున్నే మా చేనుకు వెళ్లాను. అమ్మ గట్టు మీద గొడుగు కింద ఉంది. "పదహారు మంది" అంది, నేను అడక్కుండానే. కృప మునుంలో మూడో సాలులో ఉంది, పక్క సాలులో ఎస్తేరమ్మ.

"కృపా, జర ఇటు రా, మాట్లాడాలె" అని కేకేశాను.

ఆమె తల ఎత్తలేదు. "సాలు ఇడిసి వస్తే పక్కోళ్ల మీద పడ్తది సార్. మాట్లాడాల్నంటే మీరే ఒక సాలు పట్టుర్రి."

ఆడవాళ్లంతా నవ్వారు. "పట్టు చిన్నపటేలా" అంది ఎస్తేరమ్మ కొడవలి ఒకటి నా వైపు చాచి. "పల్లి చెట్టు ఏదో గడ్డి ఏదో తెలుసు గద?"

పౌరుషానికి పోయి ప్యాంటు మడిచి దిగాను. వంగి గడ్డి కోస్తూ, మెయిల్ సంగతంతా చెప్పాను. కనిపెట్టినవారు అన్నచోట ఎవరి పేరుందో అది మాత్రం చెప్పలేదు. కృప అంతా విని మొదట అడిగిన మాట, "పద్నాలుగో నంబరాయన ఉన్నడా, తీసేసిన్రా?"

"ఉన్నడు. ఉంచుకుంటరట."

"మంచిగైంది" అంది. నాలుగు చెట్లు దాటాక మళ్లీ, "వస్త సార్. కానీ ఫైలు కింద చేసినోళ్ల పేరు రాసే గడి ఉంటది గద, అండ్ల నా పేరు రాయాలె. పర్మినెంట్ కాగితం మీద సంతకం పెట్టాలె. అమ్మ అవస్థ మీరే చూస్తుండ్రు గద" అంది.

ఎస్తేరమ్మ వంగడం లేదు. మోకాళ్లు మడతపడక, చేన్లో కాళ్లు చాపి కూర్చుని దేకుతూ కలుపు తీస్తోంది. ఇన్నేళ్లు గట్టు మీదనుంచి చూసినా ఇది నా కంట పడలేదు.

"చూద్దాం" అన్నాను. మా ఇంట్లో 'చూద్దాం' అంటే ఏమిటో ఆ గుంపులో అందరికీ తెలుసు. కృప మళ్లీ గడ్డి మీదికి వంగింది.

అరగంటలో నా నడుము విరిగిపోయింది. అందరూ ముందుకు పోయారు, నేను ఒంటరిగా వెనక మిగిలాను. నా చేతులు, కొడవలి, కింద గడ్డి తప్ప ఏమీ కనబడటం లేదు. ఎంతసేపు గడిచిందో, తల ఎత్తేసరికి నా ముందు సాలు లేదు. కొసదాకా శుభ్రంగా తీసి ఉంది. ఎవరో ఎదురొచ్చి తీసేశారు. అందరూ గట్టు దగ్గర నా కోసం ఆగి ఉన్నారు.

"నా సాలు ఎవరు తీసిన్రు?" అని అడిగాను.

"మీరు చూడలేదా సార్?" అంది కృప. వెటకారం కాదు, నిజంగానే అడిగింది.

అంతలో గట్టు మీదనుంచి అమ్మ గొంతు. "చూడుర్రి, ఒక్కనాడు చేన్లకు దిగనోడు, నా కొడుకు సాలు ఎంత సాఫుగ తీసిండో!"

పదహారు మందిలో ఒక్కరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. సిగ్గేసింది, నిజంగానే సిగ్గేసింది. కానీ సిగ్గుపడటం వేరు, నోరు తెరవడం వేరు.

సోమవారం కృప వచ్చింది. తీసేసిన మనిషిని తిరిగి తీసుకుంటే కొత్త మనిషి కిందే లెక్కట, మళ్లీ మూడు నెలల గడువు పెట్టారు. ఆమె నింపింది దేనితో పోల్చాలి? సరైన లెక్క తయారుచేయడం ఇంకెవరికీ రాదు గనుక, దాన్ని కూడా ఆమె చేతే చేయించాం. దాని కింద నా పేరు పెట్టాం. వారం ఆగి అదే ఆటను మళ్లీ ఆమె చేత నింపించి, రెండూ పోల్చాం. తొంభై ఆరు వచ్చింది. రెండోసారి చూసినప్పుడు ఇంకో ఇద్దరు కనబడ్డారట. తన లెక్కతో తానే కలవని మనిషిని పర్మినెంట్ ఎట్ల చేస్తమని చంద్రశేఖర్ అడిగాడు. నాకూ సమంజసంగానే తోచింది. లెక్కల రోగం ముదిరితే అంతే మరి.

జనవరిలో కోచ్ మళ్లీ మెయిల్ పెట్టాడు. పద్నాలుగో నంబరును ఇంకో రెండేళ్లకు ఉంచుకున్నారు. అతను తనను చూసిన మనిషికి స్వయంగా కృతజ్ఞత చెప్పాలనుకుంటున్నాడు, వీడియో కాల్ పెట్టండి అని. మూడున్నరకు పెట్టారు. ఆ వేళకు మా ఆఫీసు పడమటి కిటికీలోంచి ఎండ నేరుగా లోపలికి కొడుతుంది. కిటికీకి పరదా రెండేళ్లుగా వస్తూనే ఉంది. కెమెరా ముందు నేను కొత్త చొక్కాలో కూర్చున్నాను, నా వీపు వెనకే కిటికీ. ఎండ కెమెరాలో పడకుండా కృప కిందినుంచి ఎరువుల డబ్బా అట్ట తెచ్చి, రెండు చేతులతో ఎత్తి పట్టుకుని కిటికీకి అడ్డం నిలబడింది. ఎవరూ చెప్పలేదు, తనే నిలబడింది.

తెరలో ఒక గడిలో చంద్రశేఖర్ టై కట్టుకుని ఉన్నాడు. ఇంకో గడిలో కోచ్, పక్కన పద్నాలుగో నంబరు. చొక్కా లేకపోతే, అంటే ఆ నీలం చొక్కా లేకపోతే, మామూలు మనిషిలా ఉన్నాడు. కొంచెం సిగ్గరి కూడా. "పన్నెండేళ్లుగా ఆడుతున్నాను. మా అమ్మ కూడా పేపరు చూసి, ఇవాళ నువ్వు ఆడలేదా అని అడిగేది. మీకెలా కనబడ్డాను?" అని ఇంగ్లీషులో మెల్లగా అడిగాడు.

నేను గొంతు సవరించుకున్నాను. "నేను పల్లెలో పుట్టాను. మా చేన్లో మునుం అని ఒక పద్ధతి ఉంది. వెనకబడినవాళ్ల సాలును ముందు వెళ్లినవాళ్లు ఎదురొచ్చి పట్టుకుంటారు. ఎవరిది ఎవరు తీశారో రాసుకోరు. అందరూ ఒక్కసారే గట్టెక్కుతారు. నేను ఆ మునుంలో నేర్చుకున్నాను" అన్నాను. బాగా వచ్చింది. కోచ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. పూర్తి అబద్ధం కూడా కాదు, ఒక పూట పట్టాను కదా సాలు.

కృప అట్ట దించి ఒక అడుగు పక్కకు జరిగింది.

అంతే. అరవై పేజీల పుస్తకం తిరగేసినా, ఒక అడుగు పక్కకు జరగడం రాసుకోవాల్సిన విషయం కాదు. కానీ ఎండ నా తల మీదుగా వచ్చి కెమెరా నిండా పడింది. తెరలో నేను ఉండాల్సిన చోట తెల్లటి వెలుగు తప్ప ఏమీ లేదు.

"ప్రేమ్, మీరు కనబడటం లేదు" అన్నాడు కోచ్. నేను హలో హలో అంటూ కుర్చీ అటూ ఇటూ జరిపాను. ఎటు జరిగినా వెలుగే. పద్నాలుగో నంబరాయన నవ్వాడు. మొదటినుంచీ ఆయన చూపు నా మీద లేదని అప్పుడు అర్థమైంది.

"ఇప్పుడు అడ్డం తప్పుకున్నారే, ఆమె ఎవరు?" అని అడిగాడు.

ఆఫీసులో పదకొండు తలలు లేచాయి. ఆ దేశపు ఆటగాళ్ల పేర్లన్నీ తడుముకోకుండా చెప్పగలను. ఈ రెండక్షరాల పేరు మాత్రం నోట్లోనే ఆగింది. చేన్లో అమ్మ మాట, పదహారు మంది మౌనం, నా మౌనం అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. అప్పుడు తెరవని నోరు ఇప్పుడు తెరవకపోతే ఇక ఎన్నడూ తెరవనని భయమేసింది.

"కృప" అన్నాను. "మిమ్మల్ని చూసింది ఆమే. మునుం కూడా ఆమెదే. నేను గట్టు మీద ఉండేవాణ్ణి. నాకు మీరు ఇప్పటికీ కనబడరు."

కోచ్ ఆ పేరు కాగితం మీద రాసుకున్నాడు. అవును అవును, మేమే చెప్పబోతున్నాం అని చంద్రశేఖర్ ఇంగ్లీషులో అందుకుని, ఆ వెంటనే తెలుగులో, "ప్రేమ్, ఆ అమ్మాయి కాగితం మీద ఇంక సంతకం పెట్టలేదా? ఎప్పటిసంది చెప్తున్న నీకు!" అన్నాడు. ఆయన ఒక్కసారి కూడా చెప్పలేదు. దిద్దడం నా ఉద్యోగం, అయినా దిద్దలేదు.

కృప అట్ట చేతిలో పట్టుకుని అక్కడే ఉంది. "సార్, మళ్ల అడ్డం నిలబడాల్నా?" అని అడిగింది.

నేను లేచి అట్ట తీసుకుని, కుర్చీ ఆమె వైపు తిప్పాను. కృప కూర్చుని, అరచేతులు చున్నీకి తుడుచుకుని, తడబడే ఇంగ్లీషులో ఆయన్ను మొదట అడిగిన మాట, మోకాలు ఎలా ఉంది అని. ఆయన కాలు ఎత్తి పట్టీ చూపించాడు. ఇద్దరూ మోకాళ్ల గురించి మాట్లాడుకున్నారు. నేను అట్ట ఎత్తి పట్టుకుని పదకొండు నిమిషాలు నిలబడ్డాను. చేతులు లాగాయి, వీపు మాడింది. నా వైపు ఎవరూ చూడలేదు, ఏ గడిలోనూ ఎవరూ రాయలేదు. గోడ గడియారం చూసి నేనే ఎంచుకున్నాను.

ఆ సాయంత్రమే సంతకం పెట్టాను. ఫైళ్ల కింది గడిలో నా పేరు తీసి ఆమె పేరు పెట్టాను. మర్నాడు అమ్మ ఫోన్ చేసి నా మీద విరుచుకుపడింది. పల్లి పీకుడు మొదలైంది, ఎస్తేరమ్మ ఇక రానని కబురు పెట్టిందట.

"అంత నీ వల్లనే. మునుంల ఒక మనిషి తక్కువైంది. నువ్వే వచ్చి ఒక సాలు పట్టు. మొన్న సాఫుగ తీసినవ్ గద!"

"అది నేను తీయలేదమ్మా."

"మరెవరు తీసిన్రు?"

"నేను చూడలేదు" అన్నాను.